మేక ఊపిరితిత్తులకు రోగం సోకితే రక్తం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

సాంక్రామిక ప్లూరోన్యుమోనియా (ఊపిరితిత్తులనూ వాటి చుట్టూ ఉన్న పొరనూ పట్టే అంటురోగం) సోకిన మేకల రక్తం మీద వచ్చిన పరిశోధనలను నాలుగింటిని పక్కపక్కన పెట్టుకుని చదివితే తల తిరుగుతుంది. ఒకచోట తెల్ల రక్తకణాలు బాగా పెరిగాయని ఉంటుంది, ఇంకోచోట పడిపోయాయని ఉంటుంది. ఒకరు హిమోగ్లోబిన్ తగ్గిందంటారు, మరొకరికి ఎర్రకణాల శాతం పెరిగి కనిపిస్తుంది. మొత్తం ప్రొటీన్ విషయంలోనూ ఇదే తంతు. మరి ఎవరి లెక్క తప్పు? చాలాసార్లు ఎవరిదీ తప్పు కాదు. రెండో రోజున తీసిన రక్తం, పదో రోజున తీసిన రక్తం ఒకే మేకదైనా ఒకేలా ఉండదు. నీళ్లు తాగుతున్న మేకకూ, మూడు రోజులుగా తాగని మేకకూ అంకెలు వేరుగా వస్తాయి. రక్తపరీక్ష రోగం పేరు చెబుతుందని ఆశించేవారికి ఇదంతా గందరగోళమే. పోరు ఏ దశలో ఉంది, మేక ఎంత కోల్పోయింది అని అడిగేవారికి మాత్రం అదే రక్తం చాలా వివరంగా జవాబిస్తుంది.

ముందు రోగాల సంగతి చూద్దాం. మేకల్లో ఒకదాని నుంచి మరొకదానికి పాకే శ్వాసకోశ వ్యాధులు చాలానే ఉన్నా, మందలను ఊడ్చిపెట్టగలిగినవి ప్రధానంగా రెండు. మొదటిది పైన చెప్పిన సాంక్రామిక ప్లూరోన్యుమోనియా, పొట్టిగా సీసీపీపీ. దీన్ని తొలిసారి 1873లో అల్జీరియాలో వర్ణించారు. 1881లో టర్కీ నుంచి ఓడల మీద వచ్చిన అంగోరా మేకలతో పాటు ఈ రోగం దక్షిణాఫ్రికాలో దిగింది. ఇది అంటురోగమని అక్కడే రుజువైంది. కారణమైన సూక్ష్మజీవిని పట్టుకోవడానికి మాత్రం దాదాపు నూరేళ్లు ఆగవలసి వచ్చింది. 1976లో కెన్యాలో దాన్ని వేరుచేసి ఎఫ్38 అని పిలిచారు. నేటి పేరు మైకోప్లాస్మా కాప్రికోలమ్, అందులో కాప్రిన్యుమోనియే అనే ఉపజాతి. మైకోప్లాస్మాలకు కణకవచం ఉండదు కాబట్టి, ఆ కవచాన్ని దెబ్బతీసే పెన్సిలిన్ వీటి మీద పనిచేయదు. టెట్రాసైక్లిన్లు, టైలోసిన్ వంటివి పనిచేస్తాయి. ఇంతకుముందు ఈ రోగాన్ని ఎరగని మందలో దాదాపు అన్ని మేకలూ పడకేయవచ్చు, సగానికి పైగా చనిపోవచ్చు.

రెండోది పీపీఆర్, రైతుల మాటల్లో పారుడు రోగం. ఇది వైరస్ జబ్బు, 1942లో ఐవరీ కోస్ట్‌లో గుర్తించారు. మనుషుల్లో తట్టు తెచ్చే వైరస్‌కూ, 2011 నాటికి భూమి మీద లేకుండా పోయిన పశువుల ముసర వ్యాధి వైరస్‌కూ ఇది దగ్గరి చుట్టం. జ్వరం, చీమిడి, నోటిపుండ్లు, దగ్గు, ఆ తర్వాత విపరీతమైన పారుడు. ఈ రెండింటి వెనకాల పొంచి ఉండే మూడో శత్రువు మాన్‌హైమియా, పాశ్చురెల్లా బాక్టీరియాలు. ఇవి మామూలు రోజుల్లో ముక్కు, గొంతుల్లో ఊరికే ఉంటాయి. ఒంట్లో సత్తువ తగ్గగానే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి.

మూడింటిలోనూ మేక దగ్గుతుంది, ఆయాసపడుతుంది. రక్తం మీద మాత్రం మూడూ మూడు రకాలుగా దెబ్బకొడతాయి. సీసీపీపీ మైకోప్లాస్మా ఎదను దాటి పెద్దగా బయటికి రాదు. ఊపిరితిత్తిలో, చాలాసార్లు ఒక పక్క ఊపిరితిత్తిలోనే, దాని చుట్టూ ఉన్న పొరలో మంట (ఇన్‌ఫ్లమేషన్, అంటే రోగాన్ని ఎదిరించే క్రమంలో వచ్చే వాపు) రేపుతుంది. రక్తంలో కనిపించేది ఆ మంటకు శరీరం ఇచ్చే స్పందన. పీపీఆర్ వైరస్ ముందుగా దాడిచేసేదే లింఫోసైట్లు అనే రకం తెల్లకణాల మీద. ఆ కణాల పైనున్న స్లామ్ అనే గ్రాహకాన్ని పట్టుకుని లోపలికి దూరి, వాటినే వాహనాలుగా చేసుకుని ఒళ్లంతా తిరుగుతుంది. మాన్‌హైమియా దారి ఇంకొకటి. నెమరువేసే జంతువుల తెల్లకణాలను ఎంచి మరీ చంపే ల్యూకోటాక్సిన్ అనే విషాన్ని అది వదులుతుంది.

అన్నిటికన్నా చిన్న ఎర్రకణం

అంకెలు చదివే ముందు ఆరోగ్యమైన మేక రక్తం ఎలా ఉంటుందో తెలియాలి. మనుషుల లెక్కలు ఇక్కడ పనికిరావు. పెంపుడు జంతువుల్లోకెల్లా అతి చిన్న ఎర్రకణం మేకది. వ్యాసం మూడు, నాలుగు మైక్రాన్ల మధ్య ఉంటుంది, అంటే మనిషి ఎర్రకణంలో సగం. చిన్నవి కాబట్టి సంఖ్య ఎక్కువ. మైక్రోలీటరుకు 80 లక్షల నుంచి కోటీ 80 లక్షల వరకూ ఉంటాయి. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 8 నుంచి 12 గ్రాములు. మొత్తం రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతాన్ని పీసీవీ అంటారు, అది 22 నుంచి 38 దాకా ఉంటుంది. తెల్లకణాలు 4,000 నుంచి 13,000. వాటిలో పెద్ద వాటా లింఫోసైట్లది. మనుషుల్లో న్యూట్రోఫిల్స్ (బాక్టీరియా మీదికి ముందుగా వెళ్లే తెల్లకణాలు) ముందుంటే, మేకలో వాటిది రెండో స్థానం.

ఈ చిన్న పరిమాణం ప్రయోగశాలలో చికాకులు తెచ్చిపెడుతుంది. మనుషుల రక్తానికి అమర్చిన యంత్రంలో మేక రక్తం పెడితే ఎర్రకణాలను ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టి అర్థంలేని అంకెలు ముద్రించి ఇస్తుంది. పీసీవీ కోసం సన్నని గాజునాళంలో రక్తాన్ని గిరగిరా తిప్పేటప్పుడు మిగతా జంతువుల కంటే ఎక్కువసేపు తిప్పాలి. లేకపోతే కణాల మధ్య ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, ఇరుక్కుపోయి, శాతం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఇక ఎర్రకణాలు గొట్టంలో ఎంత వేగంగా కిందికి దిగుతాయో కొలిచే ఈఎస్ఆర్ పరీక్ష మేకల్లో దాదాపు వృథా. వాటి కణాలు ఒకదానిమీద ఒకటి దొంతరగా పేరుకోవు, అందువల్ల గంటసేపు చూసినా అవి పెద్దగా కదలవు. అయినా కొన్ని నివేదికల్లో ఆ అంకె ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, ఎందుకో!

రక్తం తీసే తీరు కూడా అంకెలను మారుస్తుంది. బెదిరిన మేకను తరిమి పట్టుకుని, పెనుగులాడించి తీసిన రక్తంలో అడ్రినలిన్ దెబ్బకు ప్లీహం ముడుచుకుని నిల్వ ఎర్రకణాలను బయటికి తోస్తుంది. తెల్లకణాలూ పెరుగుతాయి. రోగం వల్ల వచ్చిన మార్పు అనుకున్నదాంట్లో కొంత పరుగు వల్ల వచ్చింది కావచ్చు.

తెల్లకణాలు: పడి, లేచి, మళ్లీ పడి

అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. ఊపిరితిత్తిలో బాక్టీరియా మంట మొదలైతే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయని ఏ విద్యార్థినైనా అడిగితే చెబుతాడు. కుక్కలో, గుర్రంలో అది దాదాపు నిజం. నెమరువేసే జంతువుల ఎముక మజ్జలో మాత్రం తయారుగా ఉంచిన న్యూట్రోఫిల్స్ నిల్వ తక్కువ. కుక్క మజ్జ నిండు గాదె అనుకుంటే వీటిది ఏ పూటకాపూట తెచ్చుకునే బియ్యం. హఠాత్తుగా ఊపిరితిత్తి పెద్ద సంఖ్యలో న్యూట్రోఫిల్స్ అడిగితే రక్తంలో ఉన్నవన్నీ అటు వెళ్లిపోతాయి, వెనకనుంచి భర్తీ వెంటనే రాదు. అందుకే తీవ్రమైన రోగం మొదలైన ఒకటి రెండు రోజుల్లో తెల్లకణాల లెక్క పడిపోతుంది. మజ్జ పని వేగం పెంచుకోవడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అప్పటినుంచి సంఖ్య ఎగబాకుతుంది. మొదటి దశలో సూది గుచ్చినవాడికి కణాలు తగ్గినట్టు, తర్వాత గుచ్చినవాడికి పెరిగినట్టు కనిపిస్తాయి. ఇద్దరూ నిజమే రాశారు.

లెక్క పడిపోయిన ఆ రోజుల్లో కూడా గాజుపలక మీద పూసిన రక్తపు పొరను సూక్ష్మదర్శినిలో చూస్తే కథ తెలుస్తుంది. పక్వమైన న్యూట్రోఫిల్ కేంద్రకం తమ్మెలు తమ్మెలుగా విడిపోయి ఉంటుంది. తొందరపాటుగా బయటికి పంపిన పసికణాల్లో అది విడిపోకుండా వంకర పట్టీలా ఉంటుంది. కణద్రవ్యం నీలంగా, నురగగా కనిపిస్తే మజ్జ ఎంత హడావిడిగా పనిచేస్తోందో అర్థం. పక్వమైన వాటికంటే పసికణాలే ఎక్కువైతే, మొత్తం లెక్క కూడా తక్కువగా ఉంటే, ఆ మేక పరిస్థితి బాగాలేదు. యంత్రం ఇచ్చే అంకెకంటే ఈ పలక చూడటమే నాకు ఎక్కువ నమ్మకం. పాతకాలపు పని అని పక్కనపెట్టేవారు చాలామందే ఉన్నా సరే.

దీనికి తోడు ఒత్తిడి. జ్వరం, నొప్పి, ఆయాసం కలిసి కార్టిసాల్ హార్మోనును పెంచుతాయి. అది న్యూట్రోఫిల్స్‌ను పెంచుతుంది, లింఫోసైట్లను తగ్గిస్తుంది, ఇయోసినోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలను దాదాపు మాయం చేస్తుంది. ఎండలో దూరం తోలుకొచ్చిన ఆరోగ్యమైన మేకలోనూ ఇదే చిత్రం రావచ్చు. కాబట్టి న్యూట్రోఫిల్స్ పెరగడం ఒక్కటే చూసి అంటురోగమని తేల్చడం తొందరపాటు. పసికణాలు కూడా ఉంటే అది మంట. అవి లేకుండా పెరుగుదల మాత్రమే ఉంటే ఒత్తిడి కావచ్చు.

పీపీఆర్‌లో కథ వేరు. వైరస్ శోషరస గ్రంథుల్లో, ప్లీహంలో, పేగు గోడల్లో ఉన్న లింఫోసైట్లను నాశనం చేస్తుంది. సోకిన మొదటి వారం పది రోజుల్లో లింఫోసైట్లు గట్టిగా పడిపోతాయి. రోగనిరోధక శక్తి అణిగిపోయేదీ ఆ రోజుల్లోనే, మాన్‌హైమియా లోపలికి దిగేదీ ఆ రోజుల్లోనే. బాక్టీరియా దిగాక న్యూట్రోఫిల్స్ పెరిగితే మొత్తం లెక్క మళ్లీ మామూలు పరిధిలోకి వచ్చినట్టు కనబడుతుంది. మేక కుదుటపడుతోందని పొరబడేది ఇక్కడే. పైకి మామూలుగా ఉన్న ఆ అంకెలో సగం నష్టమూ సగం కొత్త దాడీ దాక్కుని ఉంటాయి.

శాతాల మోసం కూడా చెప్పుకోవాలి. ఒక మేకకు తెల్లకణాలు 18,000, అందులో లింఫోసైట్లు 30 శాతం అనుకుందాం. శాతం చూస్తే లింఫోసైట్లు తగ్గాయనిపిస్తుంది. లెక్కవేస్తే 5,400 వస్తుంది, అది మామూలే. పెరిగినవి న్యూట్రోఫిల్స్. ఇంకో మేకకు మొత్తం 3,000, లింఫోసైట్లు 50 శాతం. శాతం సవ్యంగానే ఉంది, అసలు సంఖ్య మాత్రం 1,500, అంటే ఉండవలసినదానికన్నా తక్కువ. నివేదికలో శాతాలు మాత్రమే ఇస్తే మొత్తం లెక్క అడిగి గుణించుకోవడం తప్పదు.

ఎర్రకణాలు, నీళ్ల లెక్క

దగ్గే మేకకు రక్తహీనత ఉంటే దాన్ని ఊపిరితిత్తి జబ్బు ఖాతాలో వేయడం మామూలైపోయింది. ఎర్రకణం మేక ఒంట్లో దాదాపు నాలుగు నెలలు బతుకుతుంది. మంట వల్ల కొత్త కణాల తయారీ మొత్తంగా ఆగిపోయినా, అయిదారు రోజుల్లో తగ్గేది అయిదారు శాతానికి మించదు. కాబట్టి అయిదు రోజుల కిందట జబ్బుపడిన మేక పీసీవీ 14 ఉందంటే, కారణం మరెక్కడో ఉంది. కడుపులో రక్తం పీల్చే నట్టలు, రక్తంలో పరాన్నజీవులు, రక్తస్రావం. నట్టల వల్ల ఇప్పటికే పాలిపోయిన మేకకు ఊపిరితిత్తుల రోగం తోడైందేమో చూడాలి. కంటి లోపలి పొర రంగు, పేడ పరీక్ష ఈ ప్రశ్నకు జవాబిస్తాయి.

వారాల తరబడి సాగే జబ్బులో మాత్రం మంటే రక్తహీనత తెస్తుంది. మంట రేగగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును వదులుతుంది. అది ఇనుమును కణాల లోపలే బంధించేస్తుంది. బాక్టీరియాకు ఇనుము అందకుండా చేయడం దీని ఉద్దేశం, కానీ మజ్జకూ అందదు. ఒకపక్క ఊపిరితిత్తి పాడై ఆక్సిజన్ చాలక మూత్రపిండాలు ఎర్రకణాలను పెంచమని ఎరిత్రోపొయిటిన్‌తో కబురు పంపుతుంటే, మరోపక్క ఇనుము లేక మజ్జ చేతులెత్తేస్తుంది. రెండింటిలో ఏది నెగ్గుతుందన్నది రోగం ఎంతకాలం సాగిందన్నదాని మీద ఉంటుంది. ఆక్సిజన్ కొరత ఉంది కాబట్టి ఎర్రకణాలు పెరిగి తీరాలన్న సూత్రం ఇలాంటి చోట నిలవదు.

అంతకన్నా పెద్ద మాయ నీళ్లది. జ్వరంతో ఉన్న మేక సరిగా తాగదు, వేగంగా ఊపిరి పీలుస్తూ తేమ పోగొట్టుకుంటుంది. పీపీఆర్ అయితే పారుడు ఎటూ ఉంది. ప్లాస్మాలో నీళ్లు తగ్గితే కణాల శాతం దానంతటదే పెరుగుతుంది. నిజానికి రక్తహీనత ఉన్న మేక కూడా నిర్జలీకరణలో మామూలు పీసీవీనే చూపించవచ్చు. సెలైన్ ఎక్కించిన మర్నాడు అది మామూలు పరిధి కిందికి పడితే మందు వికటించిందని కంగారుపడనక్కరలేదు. కప్పిపుచ్చిన నిజం బయటపడిందంతే.

ప్రొటీన్లు: ఒక్క గాజునాళంలో

పీసీవీ కోసం తిప్పిన గాజునాళాన్ని వెలుతురుకు పట్టి చూడండి. అడుగున ముదురు ఎరుపు, దాని మీద దారమంత సన్నని తెల్లని పొర, పైన ప్లాస్మా. ఎరుపు ఎత్తు పీసీవీ. తెల్లని పొర మందం తెల్లకణాల గురించి స్థూలమైన సూచన. మేక ప్లాస్మా మామూలుగా దాదాపు రంగులేకుండా తేటగా ఉంటుంది. ఎర్రగా ఉంటే కణాలు పగిలాయని అర్థం. అది ఒంట్లో పగిలినా, సూదిలో పగిలినా, ఆ నమూనాతో చేసే ఏఎస్‌టీ (ఒక ఎంజైము), పొటాషియం పరీక్షల మీద అనుమానం పెట్టుకోవాలి.

నాళాన్ని తెల్లని పొర పైన విరిచి, ప్లాస్మా చుక్కను రిఫ్రాక్టోమీటరు అనే చిన్న పరికరం అద్దం మీద వేస్తే మొత్తం ప్రొటీన్ తెలుస్తుంది. ఇంకో నాళాన్ని 56 డిగ్రీల సెల్సియస్ నీటిలో మూడు నిమిషాలు ఉంచితే ప్లాస్మాలోని ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రొటీన్) గడ్డకట్టి తెల్లగా విడిపోతుంది. మళ్లీ తిప్పి, మిగిలిన ప్రొటీన్ కొలిచి, రెండింటి తేడా తీస్తే ఫైబ్రినోజెన్ ఎంతో వస్తుంది. ఖర్చు లేని పరీక్ష, పెద్ద యంత్రమూ అక్కర్లేదు. సీసీపీపీలో దీనికున్న విలువ ఎక్కువ, ఎందుకంటే ఆ రోగంలో ఊపిరితిత్తి మీద, పక్కటెముకల లోపలి పొర మీద పేరుకునే పసుపుపచ్చని అట్టు ఈ ఫైబ్రినోజెన్ నుంచి తయారైన ఫైబ్రినే.

అయితే మంటలోనే కాదు, నిర్జలీకరణలోనూ ఫైబ్రినోజెన్ గాఢత కొంత పెరుగుతుంది. ఆ రెండింటినీ విడదీయడానికి పశువైద్యులు ఒక చిన్న నిష్పత్తి వాడతారు. మొత్తం ప్రొటీన్‌లోంచి ఫైబ్రినోజెన్ తీసేసి, వచ్చినదాన్ని ఫైబ్రినోజెన్‌తోనే భాగించాలి. ప్రొటీన్ 8 గ్రాములు, ఫైబ్రినోజెన్ ఒక గ్రాము అయితే నిష్పత్తి 7. ప్రొటీన్ అదే 8 ఉండి ఫైబ్రినోజెన్ 0.4 మాత్రమే ఉంటే 19. పశువుల్లో స్థిరపడిన కొలత ప్రకారం 10 కన్నా తక్కువైతే నిజమైన మంట, 15 దాటితే నీళ్లు తగ్గడం. ఈ పరీక్షకు రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన సీసాలో తీయాలి. గడ్డకట్టిన రక్తం నుంచి తీసిన సీరంలో ఫైబ్రినోజెన్ మిగలదు.

మొత్తం ప్రొటీన్ ఒక్కటే చూసినా మోసపోతాం. అందులో ఆల్బుమిన్, గ్లోబులిన్ అని రెండు వర్గాలు ఎదురెదురు దిక్కులకు నడుస్తుంటాయి. మంట వచ్చినప్పుడు కాలేయం ఆల్బుమిన్ తయారీ తగ్గించి మంట ప్రొటీన్ల వైపు మళ్లుతుంది. మేత లేక ముడిసరుకు తగ్గుతుంది. అన్నిటికీ మించి, ఎదలో చేరే పసుపుపచ్చని నీటిలోకి ఆల్బుమిన్ కారిపోతుంది. ఒంట్లో ఆల్బుమిన్ వారాల తరబడి నిలుస్తుంది కాబట్టి, మూడు నాలుగు రోజుల్లోనే అది చప్పున పడిపోతే తయారీ తగ్గడం కంటే కారిపోవడాన్నే ఎక్కువ అనుమానించాలి. గ్లోబులిన్లు మాత్రం యాంటీబాడీలు తయారయ్యేకొద్దీ పైకి పోతాయి. ఒకటి దిగి ఒకటి ఎక్కితే మొత్తం కదలనట్టే ఉంటుంది. ఆల్బుమిన్, గ్లోబులిన్ల నిష్పత్తి మాత్రం పడిపోయి ఉంటుంది.

అందరికన్నా ముందు మేల్కొనేవి హాప్టోగ్లోబిన్, సీరం అమైలాయిడ్ ఎ అనే మంట ప్రొటీన్లు. ఆరోగ్యమైన మేకలో హాప్టోగ్లోబిన్ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. మంట మొదలైన ఒకటి రెండు రోజుల్లో అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. మనుషుల్లో ఇదే పని కోసం వాడే సీఆర్‌పీ పరీక్ష నెమరువేసే జంతువుల్లో అంతగా ఉపయోగపడదు.

మిగతా రసాయనాలు

ఏఎస్‌టీ పెరిగితే కాలేయం చెడిందని రాసేస్తుంటారు. ఆ ఎంజైము కండరాల్లోనూ ఎర్రకణాల్లోనూ ఉంటుంది. ఆక్సిజన్ అందక, రోజుల తరబడి పడుకుని, ఊపిరి కోసం కండరాలు కష్టపడి కూడా అది పెరుగుతుంది. ఏఎల్‌టీ అనే ఇంకో ఎంజైముకు మేకలో కాలేయంతో సంబంధం ఇంకా తక్కువ. కాలేయం సంగతి తెలియాలంటే జీజీటీ అనే ఎంజైము చూడటం నయం. యూరియా, క్రియాటినిన్ పెరుగుదల ఎక్కువగా నీళ్లు తగ్గడం వల్లే. క్యాల్షియం తగ్గినట్టు వస్తే ముందు ఆల్బుమిన్ చూడాలి, రక్తంలో క్యాల్షియం దాదాపు సగం ప్రొటీన్లకు, అందులోనూ ప్రధానంగా ఆల్బుమిన్‌కు అంటుకునే ఉంటుంది.

రక్తంలోని వాయువులు కొలిచే సౌకర్యం ఉంటే అది ఊపిరితిత్తి స్థితిని నేరుగా చెబుతుంది. ధమని రక్తంలో ఆక్సిజన్ మొదటే తగ్గుతుంది. మేక వేగంగా ఊపిరి పీలుస్తుంది కాబట్టి కార్బన్ డయాక్సైడ్ తొలి రోజుల్లో తగ్గడమే కనిపిస్తుంది. తర్వాత అది పెరగడం మొదలుపెట్టి రక్తం ఆమ్లంగా మారితే, మేక అలసిపోయిందని, ఊపిరితిత్తుల్లో మిగిలిన భాగం చాలడం లేదని అర్థం. పారుడు ఉన్న పీపీఆర్ మేకలో ఆమ్లత్వం మరో దారిలో వస్తుంది. ఆమ్లత్వాన్ని అదుపులో ఉంచే బైకార్బొనేట్ పేగుల నుంచి పోవడమే దానికి కారణం.

పేరు తేల్చేది వేరే పరీక్ష

ఇంత చెప్పినా, ఈ అంకెలన్నీ కలిపి కూడా సీసీపీపీ, పీపీఆర్, పాశ్చురెల్లోసిస్‌లను ఒకదాని నుంచి ఒకటి ఖాయంగా విడదీయలేవు. లింఫోసైట్లు గట్టిగా పడితే పీపీఆర్ వైపు మొగ్గు చూపవచ్చు, ఫైబ్రినోజెన్ విపరీతంగా ఉండి పారుడు లేకపోతే సీసీపీపీ వైపు. అంతకుమించి కాదు. పేరు తేల్చాలంటే పీసీఆర్ (సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) కావాలి. సీసీపీపీకి ఎదలోని నీరు లేదా ఊపిరితిత్తి ముక్క, పీపీఆర్‌కు కంటి, ముక్కు స్రావాలు నమూనాలుగా పనికొస్తాయి. యాంటీబాడీ పరీక్షలో కూడా ఒక చిక్కుంది. సీసీపీపీతో త్వరగా చనిపోయిన మేకలో యాంటీబాడీలు తయారవడానికి సమయమే ఉండదు, అందుకే ఆ పరీక్ష ఒక మేకకన్నా మంద మొత్తానికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

రక్తపరీక్ష నిజంగా అక్కరకొచ్చేది చికిత్స మొదలయ్యాక. ఒకే మేక నుంచి రెండు మూడు రోజుల ఎడంతో తీసిన నమూనాలు, ఒక్కసారి తీసిన యాభై మేకల నమూనాలకంటే ఎక్కువ చెబుతాయి. కోలుకునే మేకలో మార్పులు ఒక వరుసలో వెనక్కి తగ్గుతాయి. పసి న్యూట్రోఫిల్స్ కనుమరుగవుతాయి, ఇయోసినోఫిల్స్ మళ్లీ కనిపిస్తాయి, లింఫోసైట్లు లేస్తాయి. హాప్టోగ్లోబిన్ తొందరగా దిగుతుంది, ఫైబ్రినోజెన్ కాస్త ఆలస్యంగా. మేత పట్టాక ఆల్బుమిన్ నెమ్మదిగా పుంజుకుంటుంది, గ్లోబులిన్లు వారాలపాటు పైనే ఉంటాయి. అన్నిటికన్నా చివర కోలుకునేది పీసీవీ. మేక దగ్గు మాని, మందతో మేతకు వెళుతున్నా అది మూడు నాలుగు వారాల తర్వాత కూడా లేవకపోతే, నట్టల కోసం పేడ పరీక్ష చేయించాలి.